కార్తీకం రాకముందే టెక్సోమాకు

దీపావళి అమావాస్య దాటిందంటే మా అక్క వంటింట్లోకి నీచు రాదు. మళ్లీ పోలిని స్వర్గానికి పంపాకే. అమెరికా వెళ్లి ఇన్నేళ్లయినా ఆ పట్టింపు గట్టిపడిందే తప్ప సడలలేదు. చిక్కల్లా ఏమిటంటే, వాళ్లుండే ఫ్రిస్కోకి గంటన్నర దూరంలో టెక్సోమా అనే సరస్సుంది. అందులో చేపలకి మంచి అదను అక్టోబరు చివర, నవంబరు. అక్క కార్తీకానికీ ఆ చేపల అదనుకీ పొత్తు కుదరదు. నేను వెళ్లింది అక్టోబరులో. బావగారు క్యాలెండరు చూసి, "పండక్కి ముందు శనివారం ఒక్కటే మిగిలిందోయ్. అది పోతే నువ్వు విమానం ఎక్కేదాకా బీరకాయ కూరే" అన్నారు.

తెల్లవారుజామున బయల్దేరాం. నేను, బావగారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు. అక్క రానంది. "తెచ్చేదేదో అక్కడే కడిగి తీసుకురండి" అని మాత్రం హెచ్చరించింది. 75వ నంబరు హైవే మీద ఉత్తరానికి పోతే డెనిసన్ అనే ఊరు వస్తుంది. ఆనకట్టకీ ఆ ఊరి పేరే. రెడ్ రివర్ మీద కట్టిన ఆ డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయింది. దాని వెనక నిలిచిన నీళ్లే ఈ సరస్సు. కొంత టెక్సస్‌లో, కొంత ఓక్లహోమాలో ఉంది కాబట్టి పేరు కూడా ఆ రెంటినీ అతికి పెట్టారు. మామూలు మట్టంలో 89 వేల ఎకరాల నీరు. హేగర్‌మన్ అనే పాత ఊరు దాని అడుగున పోయింది. ఆ పేరుతోనే ఇప్పుడు గట్టున వలస పక్షుల సంరక్షణ కేంద్రం ఉంది. ఇంకో సంగతి. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీల్లో కొళాయి తిప్పితే వచ్చే నీళ్లలో ఈ సరస్సు వాటా కూడా ఉంది. ఆ ఊళ్లలో తెలుగువాళ్లకి కొదవ లేదు. రోజూ తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఒకసారి వెళ్లి చూసినవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

లైసెన్సు లేకుండా అక్కడ గాలం వెయ్యకూడదు. టెక్సోమాకి విడిగా ఒక లైసెన్సు ఉంది. నేను వెళ్లినప్పుడు 12 డాలర్లు. అది ఉంటే రెండు రాష్ట్రాల వైపూ పట్టుకోవచ్చు. నాలాంటి చుట్టపుచూపు మనిషికీ అదే ధర. మేనకోడలికి ఇంకా వయసు రాలేదు కాబట్టి దానికి అక్కర్లేదు.

రేవు దగ్గరికి వెళ్లేసరికి ఇంకా చీకటే. ఆ నెలలో అక్కడ ఏడున్నర దాటితే గాని పొద్దు పొడవదు. మేం మాట్లాడుకున్న గైడు అప్పటికే పడవ నీళ్లలో దింపి ఉంచాడు. అరవై దాటిన మనిషి, మాట నెమ్మది, యాస చిక్కన. సగం మేనకోడలే మాకు విప్పి చెప్పాల్సొచ్చింది. ఎక్కగానే ఆయన ముందు లైఫ్ జాకెట్లు తొడిగించాడు. తర్వాత చిన్న తెర మీద నీటి వేడి చూపించాడు. ఫారెన్‌హీట్‌లో 66, మన లెక్కన 19 డిగ్రీలు. "ఈ అంకె నచ్చింది" అన్నాడు.

ఆయన మొదట తీసింది గాలం కాదు, వల. అదీ విసురు వల! రేవు దీపాల వెలుగుకి నీటి పైకి చిన్న చేపలు చేరాయి. ఆయన వల మడతలు భుజాన వేసుకుని, సీసపు గుళ్ల అంచు ఒకటి పళ్ల మధ్య కరిచిపట్టి, నడుము తిప్పి వదిలాడు. గుండ్రంగా విచ్చుకుని పడింది. మా ఊరి కాలవగట్టు మీద నేను చిన్నప్పుడు చూసిన విసురుకీ దీనికీ నాకు తేడా కనిపించలేదు. ఇక్కడి వల నైలాను, వ్యాసం 14 అడుగులు మించకూడదని చట్టం, అంతే. లాగితే అరచెయ్యంత వెండి చేపలు గలగల్లాడుతూ వచ్చాయి. వాటిని షాడ్ అంటారు. మొప్ప వెనక ఒక నల్ల చుక్క. వీపు రెక్క చివర పోగు మాత్రం సన్నగా, పొడుగ్గా తోకవైపు సాగి ఉంది. వీటిని వెయ్యడానికి పడవలో గుండ్రటి తొట్టి ఉంది. నలుచదరపు తొట్టయితే మూలల్లోకి దూరి, ఒకదాన్నొకటి తోసుకుని చచ్చిపోతాయట.

బావగారు ఒకదాన్ని పట్టుకుని వాసన చూశారు. "ఇది మన పులసకి చుట్టం" అన్నారు. ఆయన అన్నది నిజమే. షాడ్‌లూ పులసా దగ్గర జాతులే. పులసని తినడానికి మనం ఆస్తులు అమ్ముకుంటాం, ఇక్కడ దాని చుట్టాన్ని ఎరగా గుచ్చుతున్నారు.

మేం పట్టబోయే చేప కథ ఇంకా పులస కథలాగే ఉంటుంది. దాని పేరు స్ట్రైపర్, పూర్తిగా చెబితే స్ట్రైప్డ్ బాస్. అట్లాంటిక్ సముద్రపు చేప. గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతుంది. దక్షిణ కరోలినాలో 1940ల మొదట్లో సాంటీ నది మీద ఆనకట్ట కడితే, ఎగువన చిక్కుకున్న స్ట్రైపర్లు మంచినీళ్లలోనే బతికాయి, పిల్లల్నీ పెట్టాయి. అది చూశాకే మిగతా రాష్ట్రాలవాళ్లు తమ జలాశయాల్లో వీటిని వదలడం మొదలెట్టారు. టెక్సోమాలో 1965 నుంచి దాదాపు పదేళ్ల పాటు వదిలారు. చాలా సరస్సుల్లో ఏటా పిల్లల్ని తెచ్చి పొయ్యకపోతే ఈ చేప మిగలదు. కారణం దాని గుడ్డు. ఆ గుడ్డు పిల్లయ్యేదాకా, అంటే సుమారు రెండు రోజులు, పారే నీటిలో తేలుతూ ఉండాలి. అడుక్కి దిగితే బురదలో చస్తుంది. టెక్సోమాలోకి వచ్చే రెడ్ రివర్, వాషిటా నదులు రెండూ దానికి చాలినంత పొడవుగా పారతాయి. పైగా ఎగువన ఉప్పు ఊటలుండటంతో రెడ్ రివర్ నీళ్లలోనే కాస్త ఉప్పదనం ఉంది. అందుకే ఇక్కడ వదలడం మానేసిన ఇన్నేళ్ల తర్వాత కూడా చేపలు వాటంతటవే పెరుగుతున్నాయి.

పడవ కదిలింది. చలిగాలి చెవుల్లో గుయ్యిమంటోంది. ఎటు పోతున్నామని అడిగితే గైడు, "చేప దగ్గరికి కాదు, దాని కూటి దగ్గరికి" అన్నాడు. ఆ పూటంతా ఆయన చేసిన పని అదే. అలా ఎందుకో తెలియాలంటే వేసవి నుంచి రావాలి. ఎండాకాలం సరస్సు పైనీళ్లు వేడెక్కి తేలికవుతాయి, అడుగునీళ్లు చల్లగా బరువుగా ఉండిపోతాయి. రెండూ కలవవు. కలవకపోవడంతో అడుగున ప్రాణవాయువు అయిపోతుంది. పైన వేడి, కింద ఊపిరాడదు. మధ్యలో ఏదో ఒక లోతులో చేపలన్నీ ఇరుక్కుంటాయి. ఆ లోతు దొరికితే వేట తేలికే. శరత్కాలంలో రాత్రులు చల్లబడే కొద్దీ పైనీళ్లు బరువెక్కి కిందికి దిగుతాయి, గాలి తోడైతే సరస్సు మొత్తం అడుగు నుంచి పైదాకా కలిసిపోతుంది. ఆ కలిసే రోజుల్లో అడుగు కుళ్లు పైకొచ్చి నీళ్లు మురికిగా, కోడిగుడ్డు కుళ్లిన వాసనతో ఉంటాయి. అప్పుడు ఎంత గొప్ప వేటగాడైనా ఇంటికి ఖాళీ బుట్టతో పోవాల్సిందే. మా అదృష్టం, మేం వెళ్లేసరికి ఆ తంతు ముగిసి నీళ్లు తేరుకున్నాయి.

తేరుకున్నాక ఇంకో తలనొప్పి. ఇప్పుడు ప్రతి లోతులోనూ ఊపిరాడుతుంది, ప్రతి లోతులోనూ చల్లగానే ఉంటుంది. చేప ఎక్కడైనా ఉండొచ్చు. రెండడుగుల నీళ్లలో ఉండొచ్చు, నలభై అడుగుల్లో ఉండొచ్చు. దాన్ని పట్టి ఇచ్చేది షాడ్ ఒక్కటే. చలి ముదిరేలోపు షాడ్ గుంపులు వాగులు కలిసే మూలల్లోకి, లోతు తక్కువ ఒడ్డుల్లోకి చేరతాయి. స్ట్రైపర్లు చలికాలానికి కొవ్వు పెంచుకోవాలి, కాబట్టి వెంటపడతాయి.

మొదటి మూలలో ఆయన మోటారు ఆపి ఒడ్డుకేసి చూపించాడు. మసక వెలుతురులో పెద్ద బూడిదరంగు కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. "అవి ఊరికే నిలబడవు" అన్నాడు. నిజమే, అక్కడ నీళ్లు సన్నగా చిటచిటలాడుతున్నాయి, షాడ్ పైకి లేస్తున్నాయి. ఈ పూటకి బతికున్న ఎర అక్కర్లేదని, నీటి మీద తేలుతూ నడిచే చెక్క చేపల్ని దారాలకి కట్టి ఇచ్చాడు. దాన్ని దూరంగా విసిరి, రాడ్డు కొన కిందికి పెట్టి, కొంచెం కొంచెం కుదుపుతూ చుట్టాలి. అది కుడికీ ఎడమకీ తల తిప్పుతూ, గాయపడ్డ చేపలా వస్తుంది. మేనకోడలు విసిరిన రెండో విసురుకే నీళ్లు భళ్లున పేలాయి. పిల్ల కెవ్వుమని రాడ్డు లాగేసింది, చెక్క చేప గాల్లోకి ఎగిరొచ్చింది. గైడు నవ్వి, కళ్లకి కనబడింది చూసి లాగొద్దు, చేతికి బరువు తెలిశాక లాగు అన్నాడు. ఆ ముక్క పిల్లకి బాగా పట్టింది. తర్వాతి చేప దానిదే.

దాన్ని దగ్గరగా చూశాను. వెండి ఒంటి మీద తల నుంచి తోకదాకా ఏడెనిమిది నల్ల గీతలు. వీపు మీద ముళ్ల రెక్క, మొప్ప రేకు అంచు బ్లేడంత పదును. గైడు దాని నోరు తెరిచి, నాలుక మీద నా వేలు పెట్టించాడు. గరుకుగా రెండు చిన్న పళ్ల చారలు తగిలాయి. రెండుంటే స్ట్రైపర్. దాని తమ్ముడిలాంటి వైట్ బాస్‌కి ఒకటే ఉంటుంది. రెండూ ఒకే గుంపులో తిరుగుతాయి, రెండింటికీ పరిమితులు వేరు, అందుకే ఈ తనిఖీ.

ఎండ ఎక్కగానే ఆ మూలలో సందడి ఆగిపోయింది. ఇక పక్షుల వంతు. ఉత్తరం నుంచి ఆ నెలలోనే గల్ పక్షులు దిగడం మొదలవుతుంది. స్ట్రైపర్లు కిందనుంచి షాడ్‌ని పైకి తరిమితే, గల్స్ పైనుంచి పడతాయి. గైడు బైనాక్యులర్లతో వాటినే చూస్తూ ఉన్నాడు. తిన్నగా ఎగిరిపోతున్న పక్షిని లెక్కచెయ్యడు. నీళ్ల మీద గుంపుగా కూర్చుని ఉంటే, అక్కడ కాసేపటి కిందట విందు జరిగిందని, మళ్లీ జరగొచ్చని అర్థం. తలకిందులుగా దూకుతుంటే మాత్రం రాడ్లు వెంటనే చేతిలోకి తీసుకోవాలి. అలాంటి గుంపు కనపడగానే నాలుగు పక్కల నుంచి పడవలు పరిగెత్తుకొస్తాయి. మా ముందే ఒక పడవవాడు సరాసరి గుంపు మధ్యలోకి మోటారు తోలాడు. ఒక్క క్షణంలో పక్షుల్లేవు, చేపల్లేవు. మా గైడు తిట్టలేదు గాని, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన పద్ధతి వేరు. గాలికి ఎగువన దూరంగా ఆపి, మోటారు కట్టేసి, గాలే పడవని గుంపు అంచుదాకా తీసుకెళ్లేలా చేస్తాడు.

అక్కడ పనిముట్టు మారింది. స్లాబ్ అంటారు, చేప ఆకారంలో పోతపోసిన సీసపు ముక్క, చివర కొక్కెం. ఎర ఏమీ లేదు. నీళ్లలోకి వదిలితే పక్కలకి ఊగుతూ దిగుతుంది. అడుగు తగలగానే రీలు నాలుగైదు చుట్లు జోరుగా చుట్టాలి, ఆపాలి, మళ్లీ దిగనివ్వాలి. చేప పట్టేది దిగేటప్పుడే. అందుకని దారం మరీ వదులు కాకూడదు, మరీ బిగుసుకోకూడదు. దిగాల్సిన దారం మధ్యలో ఆగిందంటే చేప నోట్లో ఉన్నట్టే. పైన ఎగిరి పడేవి చిన్నవి, పెద్దవి వాటి కింద జారిపడే ముక్కలు ఏరుకుంటూ ఉంటాయి. అందుకే అడుగుదాకా వదలమంటారు. బావగారికి ఈ కిటుకు వెంటనే అబ్బింది. ఆయన రీలు కీచుమంటూ దారం వదులుతుంటే, ఆఫీసు మీటింగుల్లో ఎన్నడూ చూడని ఆనందం ఆ మొహంలో చూశానని ఆయన కూతురే అంది.

చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన గాలం వేరు. వెదురు కర్ర, నెమలి ఈక బెండు, వానపాము, గట్టున చతికిలబడి బెండు మునిగేదాకా కూర్చోవడం. చేప మన దగ్గరికి రావాలి. ఇక్కడ మనమే వెతుక్కుంటూ పోవాలి, ఒక చోట ఇరవై నిమిషాలు ఉంటే ఎక్కువ. నాకు ఏది ఇష్టమంటే గట్టునే కూర్చుంటానంటాను. కానీ ఆ పెద్ద నీళ్లలో అలా కూర్చుంటే పొద్దుపోతుంది గాని కూర రాదు.

చేపల జాడ చూపే సోనార్ గురించి ఒక మాట. తెర మీద అడుగు గీత, దాని పైన మబ్బులా షాడ్ గుంపు, దాని కింద వంకర గీతల్లా స్ట్రైపర్లు. ఇంతవరకు సరే. ఇప్పుడు ముందుకి చూపే కొత్త రకం వచ్చింది. అందులో మనం వేసిన స్లాబ్ దిగడం, చేప దాని దగ్గరికి రావడం, మూతి తిప్పుకుని పోవడం కూడా కదిలే బొమ్మలా కనిపిస్తాయి. పక్క పడవలో కుర్రాళ్లు తలెత్తకుండా దాన్నే చూస్తున్నారు, నెత్తిమీద పక్షులు దూకుతున్నా గమనించలేదు. మా గైడు దగ్గరా ఉంది, ఎక్కువ వాడలేదు. చేపకి దాక్కునే చోటంటూ మిగలకపోతే అది వేటెలా అవుతుంది? నాకు నచ్చలేదు.

పది దాటాక దక్షిణపు గాలి ఆగిపోయింది. గైడు ఆకాశం వాయవ్యం మూల చూశాడు, నీలం గీతలా మబ్బు. చలిగాలుల అల వస్తోంది. అది వచ్చే ముందు కొద్దిసేపు చేప తిండి మీద విరుచుకుపడుతుందని, వచ్చి వెళ్లాక ఆకాశం తేటగా ఉన్నా రెండు రోజులు నోరు తెరవదని ఆయన అనుభవం. చెప్పినట్టే అయింది. వాగు మొగ దగ్గర ముప్పై అడుగుల్లో స్లాబ్ దిగనివ్వడం లేదు, దించినవాళ్లకి దించినట్టు తగులుతోంది. అక్కడి నియమం మనిషికి రోజుకి పది చేపలు, అందులో ఇరవై అంగుళాలవీ, అంతకు మించినవీ రెండే. గైడు కొలబద్ద పక్కనే పెట్టుకున్నాడు. మేనకోడలు మూడో పెద్దదాన్ని పట్టింది. అన్నిటికన్నా పొడుగు అదే. ఫొటో తీసుకునేదాకా కూడా ఆగకుండా ఆయన దాన్ని తలకిందులుగా నీళ్లలోకి వదిలేశాడు. పిల్ల మొహం చిన్నబోయింది. చల్లటి నీళ్లు కాబట్టి అది బతుకుతుందని, జూలైలో లోతు నుంచి లాగి వదిలితే చాలామటుకు చచ్చి తేలేదని ఆయన ఓదార్చాడు. నాకు ఆ నియమం మీద గౌరవం కలిగింది. పిల్లల్ని తెచ్చి వదలకుండానే చేప పెరుగుతోందంటే నదుల పుణ్యం ఎంతో, ఈ కొలబద్ద పుణ్యమూ అంతే.

గాలి తిరిగింది. ఉత్తరపు గాలి అంత పెద్ద నీళ్ల మీద పడితే ఏమవుతుందో పావుగంటలో తెలిసింది. అలలు లేచి ముందు భాగం కొట్టుకుంటోంది, ఒంటినిండా చల్లటి తుంపర. బావగారు రెండు చేతులా కడ్డీ పట్టుకుని గోదావరి తల్లిని తలుచుకున్నారు. ఇంకా చేపలు పడుతున్నా గైడు ఒక్క మాట లేకుండా రేవుకి తిప్పేశాడు. మంచి గైడు ఎవరంటే, తొందరగా వెనక్కి తిప్పేవాడు అంటాను.

రేవులో చేపలు కోసే బల్ల ఉంది. గైడు కరెంటు కత్తితో మొదలెట్టాడు. మొప్ప వెనక ఒక కోత, వెన్నెముక వెంట తోకదాకా ఒక లాగు, చర్మం వలిచేయడం, పక్క మధ్యలో ఎర్రగా ఉండే కండ గాటు పెట్టి తీసేయడం. ఆ ఎర్ర కండ ఉంటే నీచు ఎక్కువట. ఒక చేపకి అర నిమిషం. తెల్లటి రెండు ముక్కలు సంచిలోకి, తల, ముల్లు, తోక చెత్తడబ్బాలోకి. బావగారికి ఊపిరి ఆగినంత పనైంది. "అమ్మాయ్, తలకాయలు పారెయ్యొద్దని చెప్పు! ముల్లుతోటే ముక్కలు కొట్టమను!" మేనకోడలు సిగ్గుపడుతూ చెప్పింది. గైడు కత్తి ఆపి మా ముగ్గురినీ చూశాడు. తర్వాత ఒక తల పైకెత్తి, దీన్నెలా తింటారని అడిగాడు. బావగారు చింతపండు దగ్గర్నుంచి మొదలెట్టి ఆవపెట్టడం దాకా చెప్పారు. మేనకోడలు ఎంతవరకు అనువదించిందో తెలియదు గాని, మిగతా చేపలు ఆయన పొలుసు తీసి, ముక్కలు కొట్టి, తలలు రెండుగా చీల్చి ఇచ్చాడు.

పులుసు ఆ రాత్రి అక్కే పెట్టింది. కండ తెల్లగా, గట్టిగా, విరిస్తే పొరలుగా వచ్చింది. మర్నాడు పొద్దున ఇంకా బాగుంది. పులస రుచి దీనికి లేదు, ఆ కొవ్వు లేదు. కొర్రమీను పక్కన పెట్టొచ్చు. తలకాయ పులుసు మాత్రం దేనికీ తీసిపోదు.

వెళ్లాలనుకునే తెలుగువాళ్లకి నాలుగు మాటలు. చలిగాలుల అల వచ్చే ముందు రోజు చూసుకోండి, వచ్చిన మర్నాడు మాత్రం వద్దు. లైసెన్సు, పరిమితులు వెళ్లేముందు టెక్సస్ ప్రభుత్వపు వన్యప్రాణి శాఖ వెబ్‌సైటులో చూసుకోండి, అవి మారుతుంటాయి. సొంత పడవైతే తిరిగొచ్చేటప్పుడు అందులో చుక్క నీరు లేకుండా వంచెయ్యడం చట్టం. జీబ్రా ఆల్చిప్పలు టెక్సస్‌లో మొదట బయటపడింది ఈ సరస్సులోనే, 2009లో. అవి నీళ్లతోపాటు వేరే జలాశయాల్లోకి పాకుతాయనే, ఇక్కణ్ణుంచి ఊళ్లకి నీళ్లు తోడటం కొన్నేళ్లు ఆపేశారు కూడా. మీరు తెచ్చే బకెట్టులో వాటి పిల్లలు కంటికి కనబడవు. ఇక తలకాయలు కావాలనుకుంటే, కత్తి తీశాక కాదు, పడవ ఎక్కకముందే గైడుతో చెప్పి పెట్టుకోండి.